బొమ్మ నెత్తిమీది పసుపు పట్టీ

క్యాలెండర్ దేవుడిని పటం కట్టాలంటే ముందు కత్తెర పెట్టాలి. దేవుడి కాళ్ళ కింద ఎరువుల దుకాణం పేరుంటుంది, నెత్తిమీద బంగారు కొట్టు పేరుంటుంది. వాటితో సహా గోడకు తగిలించుకుంటే రోజూ పొద్దున్నే యూరియా బస్తాకు దండం పెట్టినట్టే. అందుకని నిజామాబాదులో, గంజ్ దగ్గరి సందులో పటాల దుకాణం నడిపిన ముప్పై ఆరేళ్ళూ, ఏ కాగితం చేతికొచ్చినా నేను మొదట దాని అంచులే చూశాను. అక్షరాలు కనబడితే కత్తెర ఆడేది. గిరాకీని అడిగేది కూడా లేదు. కొత్తలో ఒకరిద్దరిని అడిగితే నవ్వారు. "గది గూడ అడుగుతవా? కొయ్యి" అన్నారు.

ఆ అలవాటు బోధన్‌లో ఒకరింట్లో ఒక రాగాన్ని తుడిచిపెట్టింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకిన్నేళ్ళు పట్టింది.

ఆ ఇల్లు నా స్నేహితుడిది. నలభై ఏళ్ళ కింద అతను చక్కెర ఫ్యాక్టరీ యార్డులో కూలి. తూకం ముందు చెరుకు బండ్లను వరసలో నిలబెట్టేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో సన్నాయి ఊదేవాడు. తాత ఊదాడు, తండ్రి ఊదాడు, ఇతనూ ఊదాడు. పెళ్ళికి నిజామాబాదు వస్తే, తిరుగు బస్సుకు టైముందంటే నా దుకాణం ముందున్న బల్ల మీద కూర్చునేవాడు. అతని చొక్కాకు బెల్లం పాకం లాంటి ఫ్యాక్టరీ వాసన ఉండేది. నేను ముక్కు మూసుకుంటే, "గీ వాసనతోనే నువ్వు చాయల చక్కెర ఏసుకుంటున్నవ్" అనేవాడు.

ఒకరోజు వాళ్ళమ్మ పాత చున్నీలో చుట్టి ఒక కాగితం తెచ్చాడు. "చెదలు పట్టేటట్టున్నయ్. అద్దం ఏసి గట్టిగ కట్టు. మా తాతల నాటిది" అన్నాడు.

విప్పి చూశాను. జొన్నరొట్టెంత మందం కాగితం. రంగులు నిన్న పూసినట్టున్నాయి. చెట్ల మధ్య ఒంటరిగా ఒక ఆడమనిషి నిలబడి ఉంది. అటు రెండు, ఇటు రెండు నెమళ్ళు మెడలు సాచి ఆమె ముఖంలోకే చూస్తున్నాయి. ఆకాశం నల్లగా కమ్ముకొని ఉంది. ఆమె చేతులు ముందుకు ఉన్నాయి, ఏదో పట్టుకున్నట్టు. కానీ ఆ పట్టుకున్న చోట రంగు లేదు. ఉత్త తెల్ల కాగితం తేలి ఉంది.

"చేతిల ఏమైంది?" అన్నాను.

"మేమే అరగదీసినం" అని నవ్వాడు. "సన్నాయి పట్టేముందు ఆమె చేతిని వేలుతోని తాకి పెదవులకు అద్దుకోవాలె. మా తాత అట్లనే, మా అబ్బాజాన్ అట్లనే, నేనూ అట్లనే. ఇంక మిగులుతదా?"

చాయ తాగొస్తానని లేచి వెళ్ళాడు. బొమ్మ పైన ఒక పసుపు పట్టీ, దాని మీద నల్లని ఉర్దూ అక్షరాలు. నా దగ్గర తయారుగా ఉన్న చట్రానికి ఆ పట్టీ వెడల్పు మేరకే కాగితం ఎక్కువైంది. అది అచ్చేసిన వాడి పేరనుకున్నాను. అప్పటికి నాకు తెలిసిన బొమ్మలన్నీ అచ్చేసినవే. కత్తెర పెట్టాను. అంత మందం కాగితం నా కత్తెర కింద ఎన్నడూ పడలేదు. కర్రుమన్నది. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది. కోత మాత్రం దారం పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది. చూసుకొని మురిశాను కూడా.

కోసిన ముక్కను నేను పారేయను. పటంలో బొమ్మ కదలకుండా మూలల్లో దూర్చడానికి అట్టముక్కలూ, అగ్గిపెట్టె మూతలూ, మందం కాగితాలూ కావాలి. ఆ పట్టీని నడిమికి మడిచి, ఆ రోజే కట్టిన మరో పటంలో దూర్చాను.

చాయ తాగి వచ్చి అద్దం వెనక మెరుస్తున్న బొమ్మను చూసి అతను, "అరే వా!" అన్నాడు. పట్టీ పోయిందని గమనించలేదు. మూడో తరగతిలోనే యార్డు పనికి వెళ్ళినవాడు, ఆ రాత అతనికి పువ్వుల అంచు లాంటిదే. వాళ్ళింట్లో అందరూ ఆమె చేతినే చూశారు తప్ప నెత్తిమీదికి చూడలేదు.

ఇంట్లో తండ్రి చూడలేదా అని మీరు అడగవచ్చు. ఆయనకు అప్పటికే రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. పటాన్ని చేతులతో తడిమి, చల్లగా తగిలిన అద్దాన్ని వేలితో తట్టి, "మంచిగైంది" అన్నాడట. అంతే.

నేను ఏడో తరగతి దాటలేదు. తరవాతి చదువంతా జిల్లా గ్రంథాలయంలోనే అయింది. దుకాణం మధ్యాహ్నం మూసినప్పుడు వెళ్ళి, ముందు తెలుగు, తరవాత నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు చదివాను. అక్కడ ఒకసారి బొమ్మల గురించిన పెద్ద పుస్తకం దొరికింది. బరువుకు ఎవరూ బీరువాలోంచి దించనిది. పేజీ తిప్పితే చెట్లు, నెమళ్ళు, ఒంటరి ఆడమనిషి. ప్రతి బొమ్మ నెత్తిమీదా పసుపు పట్టీ. ప్రతి పట్టీ మీదా రాత.

బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను. రాగమాల అంటే ఏమిటో ఆ పూట తెలిసింది. రాగాన్ని మనిషిగా గీయడం. ఒక రాగం రాజు, అతని రాగిణులు భార్యలు. ఒకామె లింగం ముందు కూర్చుంటుంది, ఒకామె చెట్టుకింద పాములను పిలుస్తుంది, ఒకామె వీణ పట్టుకొని జింకలను ఆపుతుంది. మన దక్కనులోనే, మన నవాబుల కొలువుల్లోనే గీశారు ఇవన్నీ. ఏ బడి పంతులైనా ఒక్క ముక్క చెప్పాడా? మా ఊళ్ళలో వందల గోడలకు నేను క్యాలెండర్లు తగిలించాను, చేతిలోకి నడిచి వచ్చిన నిజం బొమ్మను మాత్రం నరికాను. ఎవరిమీద అరవాలి నేను? చెప్పనివాళ్ళ మీదా, అడగని నామీదా?

రాగం పేరు ఆ పట్టీ మీదే ఉంటుంది. నెమళ్ళ మధ్య నిలబడ్డ ఆమె చేతిలో దండలుంటే కకుభ. వీణ ఉంటే గుజరి. ఆమె చేయి మూడు తరాల వేళ్ళకు అరిగిపోయింది. పేరు నా కత్తెరకు పోయింది.

వెళ్ళి చెప్పాలి కదా? చెప్పలేదు. అప్పుడే ఫ్యాక్టరీ తెరుస్తారా మూస్తారా అని బోధన్ అంతా వణుకుతున్న రోజులు. ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఫ్యాక్టరీ మూతపడింది. అతని చొక్కాలోంచి ఆ వాసన పోయింది. పెళ్ళిళ్ళలో స్పీకరు డబ్బా పాటలొచ్చి సన్నాయి కూడా పోయింది. ఇంకా ఎందుకులే అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లో చాయ తాగుతూ, గోడమీది ఆ బొమ్మకు వీపు పెట్టి కూర్చున్నాను.

ఈ ఏడు వానలు మొదలైన వారం అతని భార్య ఫోన్ చేసింది. వెళ్ళాను. మంచం మీద రెండు దిండ్లకు ఆనుకొని ఉన్నాడు. ఊపిరితిత్తులు సగానికి పైగా పాడయ్యాయనీ, సన్నాయి ముట్టొద్దనీ డాక్టరు చెప్పాడట.

"ముట్టొద్దంటే ముట్టకుంట ఉంటనా?" అన్నాడు. "ఒక్కసారి బొమ్మల ఉన్నామె రాగం వాయించి, గప్పుడు మూస్త. నువ్వు పుస్తకాలు చదివినోనివి. ఒక్క మాట చెప్పు. ఆమె ఏ రాగం?"

"మీ అబ్బాజాన్ చెప్పలేదా?"

"ఆమె ఒక రాగమని చెప్పిండు గని, మా అబ్బాజాన్ ఏ రాగం పేరూ చెప్పకపోతుండె. పొద్దుటిది, మాపటిది, వానది, గంతే. బొమ్మ ముంగట కూసోవెట్టి మొదట నేర్పింది పొద్దుటిది. గదే ఆమెదనుకొని బతికిన. ఆఖరుసారి గద, పక్కా తెలుసుకొని ఊదాలె."

"చేతిల దండలుంటే ఒకటి, వీణ ఉంటే ఇంకొకటి" అన్నాను.

"రెండిట్ల ఏది?"

"పైన రాసి ఉంటుండె."

అతను తల తిప్పి గోడను చూశాడు. "పైన ఏడుంది?"

"నేను కోసిన."

వాన పడుతోంది. రేకులు మోగుతున్నాయి.

"ఎప్పటి సంది తెలుసు నీకు?" అన్నాడు.

"పద్దెనిమిదేండ్ల సంది."

"మా ఇంట్ల అల్లం చాయ బాగుంటదని వస్తున్నవనుకున్న" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక నా వైపు చూడకుండానే, "కత్తెరా" అని పిలిచాడు. అప్పటినుంచి నా పేరు అదే. "నువ్వు కోసింది ఏడున్నదో నీకే తెల్వాలె. తెచ్చియ్యి. నా ఊపిరి ఉన్నప్పుడే తే."

ఆ రోజు నేను కట్టిన పటాలు అది కాక మూడు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ కర్రుమన్న చప్పుడుతో పాటు ఆ రోజంతా నా జ్ఞాపకంలో అతుక్కొని ఉండిపోయింది. వాడగా మిగిలిన ముక్కలు ఏ రోజువి ఆ రోజే నా భార్య పొయ్యిలో పెట్టేది. కాబట్టి పట్టీ ఉంటే ఆ మూడింటిలో ఒకదానిలో ఉంది, లేదంటే ఎక్కడా లేదు.

మొదటిది బస్టాండు దగ్గర ఒక హోటలు గల్లా వెనక పెట్టిన లక్ష్మీదేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ హోటలే పోయింది. లక్ష్మి ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. రెండోది ధర్పల్లిలో ఒక బడి పంతులుకు వచ్చిన ప్రశంసాపత్రం. పంతులు లేడు. ఆయన కోడలు అటక మీదినుంచి తీసి, "ఎట్లనన్న పారేసేదే, మీరే తీస్కపోన్రి" అని చేతిలో పెట్టింది. అక్కడే గడపలో కూర్చొని మొలలు పీకాను. పాత వార్తాపత్రిక, రెండు అగ్గిపెట్టె మూతలు. ఇంకేం లేదు.

ఇక మిగిలింది మాక్లూర్. అక్కడ కూడా లేకపోతే అది లక్ష్మి వెనక ఉండి మట్టిలో కలిసిపోయినట్టే.

మాక్లూర్ ఇల్లు పసుపు పండించేవాళ్ళది. వసారాలో నా ఈడు ఆవిడ మక్క కంకులు ఒలుస్తోంది. ఆమె వెనక గోడకు నేను కట్టిన పటం, అందులో తలపాగా పెట్టుకున్న పెద్దాయన. కుంకుమ బొట్టు, ఎండిన బంతిదండ.

"అక్కా, మీ మామ పటం కట్టింది నేనే. నలభై ఏండ్లయితది" అన్నాను.

"అయితే ఏమాయె? మంచిగనే ఉంది గద."

"ఒక్కసారి ఇప్పి చూడాలె."

ఆమె కంకి కింద పెట్టింది. "నలభై ఏండ్లకు వచ్చి నీ పనితనం చూసుకుంటవా? ఎండ దాకిందా నీకు?"

"వానకాలం అక్కా."

"గదే నేను గూడ అంటున్న, వానకాలంల ఎండ దాకినోడు ఎట్లుంటడో నువ్వు గట్లున్నవ్." మళ్ళీ కంకి తీసుకుంది. "పటం దించేది పెత్తరమాస నాడే. గా దినం కడిగి, బొట్టు వెట్టి, బియ్యం ఇచ్చి ఎక్కిస్తం. నడుమ దించితే మా మామ ఊకోడు. బతికున్నప్పుడే పండుకున్నోన్ని లేపితే ఇల్లు పీకి పందిరేస్తుండె."

పెత్తరమాసకు, అంటే పెద్దల అమావాస్యకు ఇంకా మూడు నెలలుంది. "అప్పటిదాక ఆయన ఊపిరి ఉండదక్కా" అన్నాను.

"ఎవలది?"

చెప్పాను. మొత్తం చెప్పాను. కత్తెర దగ్గరినుంచి మొదలుపెట్టి నిన్నటి దగ్గు దాకా. ఆమె ఒలవడం ఆపి విన్నది.

"ఆయన నీకేమైతడు?"

"ఏం గాడు. తురకలాయన. నేను ఆయనకు అన్యాయం చేసిన, గంతే."

ఆమె లేచి చేతులు కొంగుకు తుడుచుకుంది. "చెప్పులిడిచి కాళ్ళు కడుక్కో" అంది. నేను కడుక్కొచ్చేసరికి పటం ముందు నిలబడి మాట్లాడుతోంది. "మామా, గీ ముసలోడు నిన్ను దించుతుండు. పాపం జేసిండట, కడుక్కుంటడట. నా మీద కోపం వెట్టకు. కోపమొస్తే ఆయన ఇంటికే పో."

దించాను. నేను ముడేసిన తీగ ముడి అట్లాగే ఉంది. మొలలు తుప్పుపట్టి లోపలే విరుగుతున్నాయి. నేను గుంజుతుంటే ఆమె, "ఆగు, మా మామ మూతి పలగగొడతవ్" అని చట్రం అటువైపు పట్టుకుంది. అట్ట లేచింది. కుడివైపు కింది మూలలో, మడిచి దూర్చినట్టే, పసుపు రంగు.

విప్పాను. మడతచోట చీలింది, పై అంచు పురుగు తిన్నది. అక్షరాలు మాత్రం నల్లగా, అన్నీ ఉన్నాయి. ఆమెకు చూపించాను.

"గింత ముక్కకా?" అంది ఆమె.

"గింత ముక్కకే."

"సరే మల్ల, అది తీస్తే మా మామ లోపల కదులుతడు. దాని జాగల ఏమన్న వెట్టు." జేబులో బస్సు టికెట్టు తప్ప ఏమీ లేదు. దాన్నే మడిచి దూర్చాను.

అటునుంచి అటే బోధన్ వెళ్ళాను. పట్టీని నోటుపుస్తకం మధ్య పెట్టి, పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకొని. అతను మేలుకొనే ఉన్నాడు. పట్టీని చూసి చేయి చాచాడు, మళ్ళీ వెనక్కి తీసుకొని, "ఆమెకు ఇయ్యి. మా ఇంట్ల చదువొచ్చింది ఆమెకే" అన్నాడు.

అతని భార్య, నేను భాభీ అని పిలిచే ఆమె, కళ్ళజోడు పెట్టుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, ఒక్కో అక్షరం వేలితో తాకుతూ చదివింది. "రాగిణీ..." అని ఆగింది. "కకుభ్."

"ఏందది?" అన్నాడు అతను.

"కకుభ్."

"గీ పేరు నేనెన్నడు ఇనలే."

నేను ఫోన్ తీసి వెతికాను. ఇప్పటి పాటగాళ్ళు దాన్ని కుకుభ్ బిలావల్ అంటారు. అరుదుగా పాడతారు. పాత బొమ్మలోని ఆమే ఈమె అవునా కాదా అని చదువుకున్నవాళ్ళు కొట్లాడుకుంటారు. నాకు కొట్లాటకు సమయం లేదు. దొరికినవి రెండే రెండు. ఒకటి పెట్టి, ఫోన్ అతని దిండు మీద ఉంచాను. ఎవరో ముసలి గొంతు, నిదానంగా ఎత్తుకుంది.

అతను కళ్ళు మూసుకొని విన్నాడు. వేళ్ళు దుప్పటి మీద ఒకసారి కదిలి ఆగిపోయాయి.

"నాకు నేర్పిన పొద్దుటిది గాదిది" అన్నాడు. "ఇది నాకు రాదు."

భాభీ, నేను ఒకరినొకరం చూసుకున్నాం.

"నాకు రానే రాదు. ఇది నాకు నేర్పనే లేదు" అన్నాడు మళ్ళీ. అంతలో చేయెత్తాడు. "ఆపు. ఎనకకు పెట్టు. గక్కడ."

వెనక్కి జరిపాను. ఆ ముసలి గొంతు పైకి ఎక్కి, అక్కడ నిలవకుండా పక్కకు ఒరిగి, మెల్లగా దిగింది. అతని కళ్ళ కొనల నుంచి నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి. "ఇది మా అబ్బాజాన్ సన్నాయి పీక చెక్కుకుంట గొణుగుతుండె" అన్నాడు. "రోజు గొణుగుతుండె. ఊకెనే గొణుగుతుండనుకున్న."

భాభీ మంచం పట్టె పట్టుకొని కింద కూర్చుంది. ఆ మాట నాకు చెప్పిందో, అతనికి చెప్పిందో తెలియదు. "నేను పెండ్లయి వచ్చినంక ఒకనాడు మామ నాతోని అన్నడు. 'వాడు ఆమె పేరు చదువుతలేడు బేటీ. చదివి, పేరు వెట్టి అడిగినోనికే ఆమెను ఇయ్యాలె. మా ఇంటి దస్తూర్ గది' అన్నడు. నేను గోడ దిక్కు చూసిన. గోడ మీద ఏం రాత లేకపాయె. కండ్లు పోయినాయన, ఏదో యాదికొచ్చి అంటుండనుకున్న. కొత్త కోడల్ని, ఎట్ల అడుగుత? ఆరేండ్లు ఉన్నడు భాయ్‌సాబ్ ఇంక. ఆరేండ్లు."

ఆమె చదువొచ్చిన మనిషి. పట్టీ ఉండి ఉంటే, వచ్చిన మొదటి రోజే గోడ చూసి చదివేది. "కకుభ్ అంటే ఏంది?" అని మొగుణ్ణి అడిగేది. అతను తండ్రిని అడిగేవాడు. ఆ కళ్ళు లేని పెద్దాయన ఆ ప్రశ్న కోసమే ఆరేళ్ళు పీక చెక్కుతూ, గొణుగుతూ, కొడుకు చెవిన పడేలా గొణుగుతూ కూర్చున్నాడు. పట్టీ పోయిందని ఆయనకు తెలియదు. కొడుక్కి అక్కర లేదనుకొని పోయాడు.

నేను ఏడ్చాను. డెబ్బై ఆరేళ్ళ మనిషిని, వాళ్ళ గడపలో తల బాదుకున్నాను. భాభీ ఆపలేదు. ఆపకపోవడమే న్యాయం.

"కత్తెరా" అన్నాడు అతను. "నీ ఏడుపు ఎనక చూద్దాం. నాకు టైం లేదు. సన్నాయి ఇయ్యి."

"డాక్టరు..." అంది భాభీ.

"డాక్టరు మా అబ్బాజాన్ కన్న పెద్దోడా?"

ఆమె సన్నాయి తెచ్చింది. పీకను నోట్లో నానబెట్టుకున్నాడు. పటం తెమ్మన్నాడు. గోడమీదినుంచి దించి, అతని ఒళ్ళో పెట్టాను. అద్దం మీదినుంచే ఆమె చేతిని తాకి, వేలిని పెదవులకు అద్దుకున్నాడు. తరవాత ఎవరినీ చూడకుండా, బడిలో పిల్లవాడు పంతుల్ని అడిగినట్టు అడిగాడు. "అబ్బాజాన్, నాకు కకుభ్ కావాలె."

అది జరిగి నెల దాటింది. ఆ పటాన్ని మళ్ళీ కట్టాను. బజారులో దొరికే ఏ చట్రానికీ సరిపోని కొలత. కర్ర తెప్పించి, కోసి, నేనే చేశాను. పట్టీని బొమ్మ నెత్తిమీద, దాని చోట దాన్ని పెట్టాను. ఎక్కడా జిగురు పూయలేదు. నా కోత అంత తిన్నగా ఉండబట్టి రెండు అంచులూ ఇట్టే కలిశాయి. ఒకప్పుడు చూసుకొని మురిసిన కోత అదే.

రోజు విడిచి రోజు బోధన్ బస్సెక్కుతున్నాను. నా పని ఫోన్ నొక్కడం. అతను ఒక వరస పట్టాడు. రెండో వరస పైకి ఎక్కి, నిలవకుండా ఒరిగేచోట, సరిగ్గా వాళ్ళ నాన్న గొణిగిన చోటే, ఊపిరి తెగిపోతుంది. సన్నాయిలోంచి గాలి మాత్రమే వస్తుంది. దగ్గుతాడు, భాభీ గిన్నె పడుతుంది, నోరు తుడుస్తుంది. మొన్న ఆ గిన్నెలో ఎర్రగా కనబడింది. నేను ఫోన్ జేబులో పెట్టుకొని లేచాను.

అతను నా చేయి పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు. వదిలించుకోవాలంటే ఒక్క క్షణం పని.

"కూసో" అన్నాడు. "మళ్ళ పెట్టు."

పెట్టాను.